పిలిస్తే పలికే మనిషి

నిన్న సెయింట్ పియర్ బజార్లో ఎవరో ఆవిడ "తాతా!" అని కేకేస్తే నేను "ఆఁ" అని పలికాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నా వెనక వంకాయలు ఏరుకుంటున్న ముసలాయన దగ్గరికి వెళ్ళిపోయింది. నాకింకా మనవలు లేరు. నన్ను తాతా అని పిలిచే హక్కు ఈ ఊళ్ళో ఎవరికీ లేదు. మా ఆవిడ పక్కనే ఉంది కాబట్టి తప్పించుకోలేకపోయాను. "మీకూ అంటుకున్నాదేటి ఆయన జబ్బు?" అంది. నవ్వుదామనుకున్నాను గాని నవ్వు రాలేదు. ఆయన పోయి నాలుగు నెలలైంది.

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. అదేమిటో మేమెవరం ఎరగం. ఇక్కడి క్రియోల్ భాషలో అమెరికాని లామెరిక్ అంటారు కాబట్టి ఊరంతటికీ ఆయన లామెరిక్ తాత. అమెరికాకి ఎలా వెళ్ళాడన్నదానికి మా ఊళ్ళో మూడు కథలున్నాయి. పోర్ట్ లూయిస్ రేవులో ఒక అమెరికా ఓడ కెప్టెన్ పెంచుకున్నాడని ఒకటి, పాదిరీ దొర వెంట తీసుకెళ్ళాడని ఒకటి, చక్కెర బస్తాల మధ్య దాక్కుని పోయాడని మరొకటి. ఆయన్ని అడిగితే మూడింటికీ తల ఊపేవాడు. అందరూ ఒప్పుకునే సంగతి ఒక్కటే. ఇండియా నుంచి ఈ దీవికి చెరుకు తోటల్లో కూలికి వచ్చినవాళ్ళ కొడుకు అమెరికాలో యూనివర్సిటీ మెట్లెక్కి మూడేళ్ళు చదివాడు. నాలుగో ఏడు ఎందుకు చదవలేదో మాత్రం ఎవరికీ తెలీదు.

మనిషి బక్కపల్చగా ఉండేవాడు. పైన మెడదాకా గుండీలు పెట్టిన నల్లకోటు, కింద పంచె. ఇక్కడ మండుటెండలు డిసెంబరులో, అప్పుడు కూడా ఆ కోటు విప్పేవాడు కాదు. చక్కెర పండించే దేశంలో పుట్టి చక్కెర లేని టీ తాగేవాడు. గుడి పక్క గదిలో ఒక్కడే ఉంటూ మా అందరికీ తెలుగూ ఇంగ్లీషూ చెప్పాడు. తలుపుకి గొళ్ళెం ఉండేది గాని అది వేసి ఉండగా నేనెన్నడూ చూడలేదు.

ఇక ఆయన జబ్బు సంగతి. ఎవరు పిలిచినా పలికేవాడు. పలకడమంటే మామూలుగా కాదు, ఆ పిలుపు గాల్లో ఉండగానే అందుకునేవాడు. నోట్లో ముద్ద ఉన్నా, చేతిలో కలం ఉన్నా, "ఆఁ, ఉన్నాను నాయనా" అనేవాడు. పిల్లలు చెరుకుల్లో దాక్కుని "లామెరిక్ తాతా!" అని అరిచి పారిపోయేవాళ్ళు. పది సార్లు అరిస్తే పది సార్లూ పలికేవాడు. కొట్టు దగ్గర తాగుబోతు తన పెళ్ళాన్ని తిడుతూ పిలుస్తున్నా ఈయన అరుగు మీద నుంచి పలికేవాడు. ఒకసారి గుళ్ళో అర్చన మధ్యలో రోడ్డు మీద ఎవడో ఎవణ్ణో పిలిస్తే, చేతులు జోడించుకున్న మనిషి వెనక్కి తిరిగి పలికాడు. పూజారిగారికి ఒళ్ళు మండిపోయింది.

మా అమ్మకి ఇదంటే హడలు. "పొద్దు గూకినాక ఒకపాలి పిలిస్తే పలక్కూడదు బాబూ. మనిసో, మరోటో ఎవుడికి తెలుసు? రెండోపాలి పిలిచేదాకా ఆగాల" అని ఆయనకి చెప్పి చూసింది.

"రెండోసారి పిలిచే ఓపిక అందరికీ ఉండదమ్మా" అన్నాడాయన.

అంతగా పలికే మనిషి తను మాత్రం ఎవరినీ పిలిచేవాడు కాదు. ఎవరితోనైనా పనుంటే లేచి వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళి, ఎదురుగా నిలబడేవాడు. వాళ్ళు చూసేదాకా అలాగే ఉండేవాడు.

మాకు పాఠం విసుగు పుట్టినప్పుడల్లా యూనివర్సిటీ కబుర్లు అడిగేవాళ్ళం. అవి చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది. పొద్దున్నే ప్రార్థనకి లేవలేక విద్యార్థులు గంట నాలుకని ఊడదీసి దాచేశారట. మాస్టరు విద్యార్థుల పేర్లున్న అట్టముక్కలు కలిపి ఒకటి తీసేవాడట, ఎవరి పేరొస్తే వాడు లేచి పాఠం అప్పజెప్పాలి. కొత్తగా చేరినవాణ్ణి భోజనాల బల్ల ఎక్కించి పాడమంటే ఈయన రామభజన ఎత్తుకున్నాడట. వాళ్ళు బూట్లతో నేల మీద తాళం వేశారట. ఆ రోజు నుంచి ఈయనెవరో ఇండియా రాజుగారి కొడుకని పేరు పడిపోయింది. ప్రిన్స్ అని పిలిచేవాళ్ళు.

"కాదని చెప్పలేదా తాతా?"

"అక్కడ రాజుగారి కొడుకుని. ఇక్కడ బీఏ పాసైనవాణ్ణి. రెండూ నేను చెప్పలేదు. రెండూ కాదని కూడా చెప్పలేదు" అని గట్టిగా నవ్వేవాడు. కానీ ఆ కబుర్లలో ఒకచోటికి వచ్చేసరికి ఆగిపోయేవాడు. గదిలో నీతో ఎవరుండేవారు అని ఎవరైనా అడిగితే, లేచి వెళ్ళి పొయ్యి మీద ఏమీ లేకపోయినా మూత తీసి చూసి వచ్చేవాడు. మేము చిన్నవాళ్ళం, అడగడం మానేశాం.

పెద్ద యుద్ధానికి రెండేళ్ళ ముందు మా గుడి కమిటీవాళ్ళు బడికి ఒక తెలుగు మాస్టర్ని వేద్దామనుకున్నారు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఆ ఉద్యోగం నాకు కావాలి. చెరుకు నరకడానికి వెళ్ళకుండా బతకడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే. పోటీకి వచ్చింది ఇంకొక్కడే, దక్షిణాన షెమాన్ గ్రెనియే అనే ఊరి నుంచి సింహాద్రి. నాకంటే ఏడాది చిన్నవాడు. గొంతెత్తి భజన పాడితే ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. చదువులో మాత్రం అంతంతమాత్రం. పరీక్ష కోసమని నెల ముందే వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. ఒకే చాప మీద పడుకున్నాం. మా అమ్మ నాకంటే ముందు వాడికే వడ్డించేది.

గుడి గదిలో పరీక్ష పెట్టింది లామెరిక్ తాత. పలక మీద ప్రశ్నలు రాసి, మాకు కాగితాలిచ్చి, బయటికి వెళ్ళి లీచీ చెట్టు కింద గదికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఇది ఆయన యూనివర్సిటీ నుంచి తెచ్చుకున్న పద్ధతి. పూజారిగారు గోల పెట్టారు, కాపలా లేకుండా పరీక్షేమిటని.

"కాపలా పెడితే అది పరీక్ష అవదు పంతులుగారూ, జైలవుతుంది" అన్నాడు.

రాయడం అయ్యాక కాగితం చివర మూడు వాక్యాలు రాసి సంతకం పెట్టాలి. నేను ఎవరి సాయమూ తీసుకోలేదు. ఎవరికీ సాయం చెయ్యలేదు. ఎవరూ తప్పు చెయ్యగా చూడలేదు. నేను మొదటి రెండూ రాశాను. మూడోది ఖాళీగా వదిలేశాను. ఎందుకంటే సింహాద్రి చొక్కా జేబులోంచి మడతపెట్టిన చీటీ తీయడం నేను చూశాను.

ఇంతకాలమయ్యాక అబద్ధం దేనికి? నిజం కోసమే వదిలేశానని నాకు నేను చెప్పుకున్నాను. ఉద్యోగం కోసం వదిలేశాను. ఆ పద్ధతి తెచ్చిన మనిషి నా భుజం తడతాడనే ఆశ కూడా ఉంది. ఆయన కాగితం అందుకుని చివరి ఖాళీ చూశాడు. ముఖంలో రక్తం లేదు. ఆయన ఏమీ అడగకముందే, పూజారిగారూ కమిటీ పెద్దలూ వింటుండగా, నేను చూసింది చెప్పేశాను.

సింహాద్రి బుకాయించలేదు. జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. పెద్దలు అక్కడికక్కడే తేల్చేశారు. గుడి గదిలో, దేవుడి పక్కన దొంగతనం చేశాడు కాబట్టి ఉద్యోగం లేదు సరే, వచ్చే ఉగాది దాకా వాడితో మనవాళ్ళెవరూ మాట్లాడకూడదు. మా తాతల నాటి నుంచి తోటల్లో ఉన్న శిక్షే అది. మాట కట్టెయ్యడం అంటాం. లామెరిక్ తాత కుర్చీ పట్టుకుని లేచాడు. "మాట కట్టెయ్యకండి. ఇంకేదైనా చెయ్యండి, మాట మాత్రం కట్టెయ్యకండి" అన్నాడు. పెద్దాయన జాలిపడుతున్నాడని వాళ్ళు గౌరవంగా విని ఊరుకున్నారు.

ఆ సాయంత్రం వాన పడుతోంది. సింహాద్రి మా ఇంటికి వచ్చి పెట్టె సర్దుకున్నాడు. అమ్మ కొట్టు దాకా వెళ్ళింది. నేను కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తున్నాను. పెట్టె మూసి వాడు నా వెనకాల నిలబడ్డాడు.

"అన్నయ్యా, నా గొడుగు ఎక్కడున్నాది?"

అటక మీద ఉంది. పొద్దున నేనే పెట్టాను. నేను తల తిప్పలేదు. వాడు కాసేపు నిలబడి, పెట్టె నెత్తిన పెట్టుకుని వానలో వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున లామెరిక్ తాత మా గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలీదు. కోటు తడిసిపోయింది. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"వాడు వెళ్ళేటప్పుడు నిన్నేమైనా అడిగాడా?"

"గొడుగు అడిగాడు తాతా."

"చెప్పావా?"

"మాట కట్టేశారు కదా."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. అమ్మ మంచినీళ్ళు తెస్తే ముట్టుకోలేదు. నా వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"మా గదిలో ఇద్దరం ఉండేవాళ్ళం నాయనా. వాడు రైతు కొడుకు. వాళ్ళమ్మ ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు పంపేది. సంచీ విప్పి సగం నా మంచం మీద పోసేవాడు. అందరూ నన్ను ప్రిన్స్ అంటే వాడొక్కడే నా పేరు పెట్టి పిలిచేవాడు. గ్రీకు పరీక్షలో వాడు చీటీ తీశాడు. నేను చూశాను. అక్కడా ఇవే మూడు వాక్యాలు. మా ప్రిన్స్ అబద్ధమాడడని నాకు పేరు. ఆ పేరు చూసుకునే వెళ్ళి చెప్పాను. పై తరగతివాళ్ళు ఆరుగురు కూర్చుని వాణ్ణి పొమ్మన్నారు. పోయేదాకా ఎవరూ మాట్లాడకూడదన్నారు.

"వాడు పెట్టె సర్దుకుంటున్నాడు. నేను పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. బయట మంచు. నన్ను పేరు పెట్టి పిలిచి, నా రెండో చేతితొడుగు చూశావా అన్నాడు. అది నా కుర్చీ కింద ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది. నేను పేజీ తిప్పాను. వాడు ఒక చేతికే తొడుక్కుని వెళ్ళాడు. చలికాలం నది గడ్డకడితే దాని మీద నుంచి స్టేషనుకి అడ్డదారి. ఒడ్డు దగ్గర మంచు పలచగా ఉంటుందని అందరికీ తెలుసు. వాడికీ తెలుసు. మర్నాడు నీళ్ళలోంచి తీశారు. కాలు జారిందో, తెలిసే అటు నడిచాడో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ వారమంతా నేను కనిపిస్తే ప్రొఫెసర్లు టోపీ తీశారు నాయనా. నిజాయితీపరుడినని."

"చెప్పడమే తప్పంటావా తాతా?" అన్నాను.

"చెప్పడం సంగతి నాకింకా తేలలేదు. పలకకపోవడం సంగతి ఆ మర్నాడే తేలిపోయింది." లేచి నిలబడ్డాడు. "పద. రైలుంది."

రైలు మారి సుయ్యాక్‌లో దిగి, అక్కడి నుంచి చెరుకు తోటల మధ్య నడిచాం. షెమాన్ గ్రెనియేలో సింహాద్రి వాళ్ళమ్మ మమ్మల్ని చూసి సంబరపడింది. "ఏటి బాబూ, మావోడికి ఉద్యోగం వచ్చినాదా? ఆడేడీ? ఎనకాల వస్తన్నాడా?" అంది. వాడింకా ఇంటికి రాలేదు.

"ఇక్కడ నది ఉందా?" అన్నాడు లామెరిక్ తాత. ఆ ప్రశ్న నేను చచ్చేదాకా మరిచిపోను.

నది వెంట నడిచాం. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు పిలువు. నా వల్ల కాదు" అన్నాడు. నేను పిలిచాను. సింహాద్రీ, సింహాద్రీ అని ఎన్నిసార్లు పిలిచానో. చెరుకాకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. పిలిచిన ప్రతిసారీ ఆయన వేళ్ళు నా భుజంలోకి దిగబడేవి. ఒకచోట ఏటి మలుపులో నల్లరాయి మీద వాడి పెట్టె కనిపించింది. ఆయన ఆగిపోయాడు. నేను పరిగెత్తాను.

రాయికి అవతల సింహాద్రి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళలో దిగబోతున్నాడో, ఊరికే కూర్చున్నాడో నేను ఆనాడూ అడగలేదు, తరవాతా అడగలేదు.

"పలకవేంరా, అంతసేపట్నుంచీ పిలుస్తుంటే!"

"మో పా కొనే, అన్నయ్యా. నాకేం తెలుసు. నాతో మాటాడకూడదు గదా, ఇంకెవుర్నో పిలుస్తన్నావనుకున్నాను."

నేను వాడి పక్కన కూర్చున్నాను. చెప్పాలనుకున్నవన్నీ ఎటో పోయాయి. "నీ గొడుగు అటక మీద ఉంది. నేనే పెట్టాను" అన్నాను.

"ఇప్పుడెందుకులే. వాన ఎలిసిపోనాది" అన్నాడు వాడు. అని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

అప్పటికి లామెరిక్ తాత రాయి పట్టుకుని మెల్లగా దిగి వచ్చాడు. వాడి ఎదురుగా నిలబడి, వంగి, వాడి రెండు చేతులూ పట్టుకుని చూశాడు. ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఆయన దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషే కాబట్టి నాకు తెలిసింది. కుర్చీ కింద ఉంది, అన్నాడు. నా కుర్చీ కిందే ఉంది.

"ఏటి తాతా?" అన్నాడు సింహాద్రి.

"నీకు కాదు నాయనా" అని ఆయన కోటు చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

ఆ ఆదివారం కమిటీలో ఆయన నిలబడి, తాను సింహాద్రితో మాట్లాడతాననీ, కావాలంటే తన మాట కూడా కట్టెయ్యమనీ చెప్పాడు. "నిజాయితీకి ఈ ఊళ్ళో మీదే పేరు. మీరే ఇలా అంటే ఎలా?" అన్నారు పూజారిగారు. "ఆ పేరు నాకెలా వచ్చిందో తెలిస్తే నన్ను ఈ గుమ్మం ఎక్కనివ్వరు" అన్నాడాయన. ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు. శిక్ష తీసేశారు. ఉద్యోగం నాకిచ్చారు. వద్దన్నానని రాసుకుంటే బాగుండేది గాని, తీసుకున్నాను. సింహాద్రి తోటలో పనికి పోయాడు. ఇవాళ వాళ్ళ సవాన్ జిల్లా వైపు భజనలకి వాడే పెద్ద. ఎప్పుడొచ్చినా మా ఇంట్లోనే దిగుతాడు, మా అమ్మ ఉన్నన్నాళ్ళూ వాడికే ముందు వడ్డించింది. కానీ నా ఎదురుగా వాడు జేబులో చెయ్యి పెట్టడు. పొగాకు తీసుకోవాలన్నా అరుగు దిగి అవతలికి వెళ్తాడు.

దానితో ఆయన జబ్బు నయమైపోతుందని అనుకున్నాను. అవలేదు. అలాగే పలికేవాడు. ఒకసారి ఉండబట్టలేక, "ఆ రోజు ఏటి దగ్గర చెప్పేశావుగా తాతా, ఇంకా ఎందుకు?" అన్నాను.

"వాడికి వినపడలేదుగా" అన్నాడు. మళ్ళీ తనే, "వాళ్ళమ్మ కూడా ఉత్తరం రాసింది. మావాడు వెళ్ళేటప్పుడు నీతో ఏమైనా అన్నాడా బాబూ అని. దానికీ జవాబు రాయలేదు. ఏమని రాయను?" అన్నాడు. ఆయన పోయాక ఆ గదిలో కాగితాల కట్ట దొరికింది. ప్రతి కాగితం మీదా ఆ తల్లిని సంబోధిస్తూ ఒక్క వరస ఉంది, కింద అంతా ఖాళీ.

నాలుగు నెలల కిందట ఆయన్ని మోసుకెళ్ళాం. నేనూ సింహాద్రీ పాడె ముందు కొమ్ములు పట్టాం. కోటు ఆయన ఒంటి మీదే ఉంచాం. సగం దారిలో చెరుకు తోట మలుపు దగ్గర దింపుడు కళ్ళం. పాడె నేల మీద దించి, పోయినవాళ్ళని చెవిలో మూడు సార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతారని. అయినవాళ్ళెవరో పిలవండి, పేరు పెట్టి పిలవండి, అన్నారు పూజారిగారు. అయినవాళ్ళు లేరు. పేరు ఎవరికీ తెలీదు. ఆ పేరు తెలిసినవాడు అమెరికాలో ఎక్కడో మంచు కింద పోయాడు.

సింహాద్రి ఒక పక్క, నేను ఒక పక్క వంగాం. వాడు "తాతా" అన్నాడు. నేను "తాతా" అన్నాను. చుట్టూ నిలబడ్డవాళ్ళలో సగం మంది ఒకప్పుడు చెరుకుల్లో దాక్కుని ఆయన్ని పిలిచి పారిపోయినవాళ్ళే. ఇప్పుడు మీసాలొచ్చాయి, పిల్లలు పుట్టారు. ఎవరూ కదల్లేదు. మూడోసారి ఇద్దరం కలిసి పిలిచాం.

పిలిచాక వెంటనే ఎత్తేస్తారు, అది ఆచారం. పూజారిగారు ఎత్తమని సైగ చేశారు. ఒక్కడూ చెయ్యి వెయ్యలేదు. అంతమందిమీ నిజంగానే చూస్తూ నిలబడ్డాం. ఎంతసేపో. చివరికి సింహాద్రే కళ్ళు తుడుచుకుని కొమ్ము కింద భుజం పెట్టాడు.

"ఇంక పలకడు, అన్నయ్యా. పట్టు" అన్నాడు.